నక్షా గీసే చేతికి చదువు కావాలి

(వార్షిక సర్వసభ్య సమావేశంలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు ఏదైనా ఒక్క చదువును తీసుకొని దాని మంచీ చెడూ వివరంగా చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని ఆదేశించారు. డాక్టరు చదువు గురించి, ఇంజనీరు చదువు గురించి చెప్పేవారు ఊరినిండా ఉన్నారు. ఆ చదువులకు వెళ్లగలిగిన పిల్లలకు మా సలహాతో అంతగా పనిలేదు. మేము ఈ పూట మాట్లాడదలచుకొన్నది మరొకరి గురించి. పదో తరగతి గట్టెక్కి, ముందుకు ఎటు పోవాలో తెలియక చాచా వెల్డింగు షాపులోనో, మామూ మోటారు షెడ్డులోనో నిలబడి చూస్తున్న పిల్లవాడు ఒకడు. మంచి మార్కులు తెచ్చుకొని కూడా, "ఇక చాల్లే, ఎంత చదివినా ఇంట్లో ఉండేదానివేగా" అన్న మాట విని పుస్తకాలు అటక మీద పెట్టిన ఆడపిల్ల ఒకతె. వీరిద్దరికీ పనికివచ్చే చదువు ఏదని వెతికితే మాకు కనిపించిన వాటిలో ఒకటి డ్రాఫ్ట్స్‌మన్ చదువు. ఈ రోజుల్లో దాన్ని కంప్యూటరు మీద చేస్తారు గనుక క్యాడ్ అంటున్నారు.

2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఒక సంగతి చెప్పింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది అసలు బడికి పోనివారో, పోయి మధ్యలో మానేసినవారో అని ఆనాటి లెక్క. ఆ లెక్క మనకు కొత్తేమీ కాదు, మన వీధిలో చూస్తూనే ఉన్నాం. బడి మానినవాడికీ, పదో తరగతి దాటి ఆగిపోయినవాడికీ జరిగే నష్టం ఒక విధంగా ఒక్కటే. చేతిలో పని ఉంటుంది, ఆ పనికి పేరూ కాగితమూ ఉండవు. అక్కడే మన సంఘం పట్టించుకోవాలని మా మనవి.

నక్షా అంటే ఏమిటి?

మన ఇళ్లల్లో ఈ పనికి మంచి మాటే ఉన్నది. నక్షా. గీసేవారిని పెద్దలు నక్షానవీస్ అనేవారు. తెలంగాణ రెవెన్యూ కచ్చేరీల్లో గ్రామ నక్షా అన్న మాట ఈనాటికీ వాడుకలో ఉన్నది.

మేస్త్రీకి గోడ కట్టడం వచ్చు. ఫిట్టరుకు ఇనుము కోయడం వచ్చు. ఇల్లు కట్టించుకొనే ఆసామి మనసులో ఉన్నదీ, ఇంజనీరు లెక్కలో ఉన్నదీ మేస్త్రీ చేతికి అందాలంటే మధ్యలో ఒక కాగితం ఉండాలి. ఆ కాగితం మీద ఒక్కొక్క గీతకు ఒకే ఒక అర్థం ఉండాలి. పదిమంది చూస్తే పది అర్థాలు తోచే గీత బొమ్మ అవుతుంది గాని నక్షా కాదు.

ఇంటిని కిటికీల ఎత్తున అడ్డంగా కోసి పైనుంచి చూసినట్టు గీస్తే అది ప్లాను. ఎదురుగా నిలబడి చూసినట్టు గీస్తే ఎలివేషను. పుచ్చకాయను కోసినట్టు నిలువుగా కోసి లోపల చూపిస్తే సెక్షను. ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. ప్లానులో మూడడుగులు ఉన్న తలుపు ఎలివేషనులో మూడున్నర అయితే, ఆ అర అడుగు కోసం రేపు వడ్రంగికీ మేస్త్రీకీ జగడం. ఆ జగడం ఖర్చు ఆసామిది.

మరొక చిన్న సంగతి. యంత్ర భాగాలు గీసేటప్పుడు మన దేశంలో ముందు నుంచి చూసిన బొమ్మ కింద పైనుంచి చూసిన బొమ్మను వేస్తారు. దీన్ని ఫస్ట్ యాంగిల్ పద్ధతి అంటారు. అమెరికాలో పైనుంచి చూసినదాన్ని పైనే వేస్తారు. అది థర్డ్ యాంగిల్. ఈ తేడా తెలియని కుర్రవాడు అక్కడి నక్షా ఇక్కడ చదివితే కుడివైపు ఉండాల్సిన రంధ్రాన్ని ఎడమవైపు వేస్తాడు. ఇనుప ముక్క పాడు, రోజు కూలి పాడు. కనుక ఈ చదువు చేతి చదువు మాత్రమే కాదు, బుద్ధి చదువు కూడా.

మనకు పరాయి విద్య కాదు

పదో శతాబ్దంలో బాగ్దాదులో అబుల్ వఫా అల్ బూజ్‌జానీ అనే గణిత పండితుడు ఉండేవారు. పనివారికి పనికివచ్చే జ్యామితిని గురించి ఆయన ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశారు. పండితులకు రాసిపెట్టి చేతులు దులుపుకోలేదు, రాతి పనివాడు, చెక్క పనివాడు తన కొలబద్దతో, వృత్తలేఖినితో ఎలా సరిగ్గా గీయాలో చెప్పారు. 1206లో అల్ జజరీ నీళ్ల గడియారాలు, నీరు తోడే యంత్రాలు మొదలైన వాటిని బొమ్మలతో సహా వివరిస్తూ పుస్తకం పూర్తి చేశారు. చూసి మరొకడు చేయగలిగేలా వివరించడం ఆయన గొప్పతనం.

అంత దూరం ఎందుకు? 1923 నుంచి 1931 వరకు మంజీరా మీద నిజాంసాగరు కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజైన జూలై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు. ఆ కట్ట వెనుక ఎన్ని వందల నక్షాలు ఉండి ఉంటాయో, వాటిని వంగి కూర్చుని గీసినవారు ఎందరో ఆలోచించండి. వారి పేర్లు మనకు మిగలలేదు, వారు గీసిన గీతల మీద నీళ్లు మాత్రం ఇంకా నిలుస్తున్నాయి.

మరొకరిని తలచుకోవాలి. ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ 1929లో ఢాకాలో పుట్టారు. 1952లో స్కాలర్‌షిప్పు మీద అమెరికా వెళ్లి చదువుకొన్నారు. షికాగోలో 110 అంతస్తుల సియర్స్ టవరుకు నిర్మాణ రూపకల్పన చేసిన ఇంజనీరు ఆయనే. అది 1998 దాకా ప్రపంచంలో అన్నిటికంటె ఎత్తయిన భవనం. జిద్దా విమానాశ్రయంలో హాజీల కోసం కట్టిన టెర్మినలు ఆయన చేయి పడినదే. ఎడారి గుడారాల్లా కనిపించే 210 బట్ట పైకప్పులు దానికి ఉన్నాయి. హజ్‌కు వెళ్లి వచ్చిన మన పెద్దల్లో ఆ నీడన కూర్చున్నవారు ఈ సభలోనే ఉండవచ్చు. ఇంజనీరింగు లెక్కలకు కంప్యూటరు వాడాలని ముందుగా పట్టుబట్టిన వారిలో ఆయన ఒకరు. 1982 మార్చిలో ఆయన జిద్దాలోనే కన్నుమూశారు.

బల్ల మీద నుంచి తెర మీదికి

ఒకప్పుడు డ్రాఫ్ట్స్‌మన్ అంటే ఏటవాలు బల్ల, టీ స్క్వేరు, సెట్ స్క్వేర్లు, ట్రేసింగు కాగితం, ఇంకు కలాలు. తప్పు గీత పడితే బ్లేడుతో సున్నితంగా గీకాలి. ఒక గది అడుగు పెంచమన్నారంటే ఆ షీటు మళ్లీ మొదటి నుంచి. అమ్మోనియా ప్రింట్ల ఘాటు ఆ ఆఫీసుల్లో పనిచేసినవారి ముక్కులకు ఇప్పటికీ గుర్తు ఉంటుంది.

1963లో అమెరికాలోని ఎంఐటిలో ఐవాన్ సదర్లాండ్ అనే పరిశోధక విద్యార్థి కంప్యూటరు తెర మీద వెలుతురు కలంతో గీతలు గీసి చూపించారు. దాని పేరు స్కెచ్‌ప్యాడ్. ఆ విద్య చాలాకాలం విమానాల కంపెనీలకూ, కార్ల కంపెనీలకూ మాత్రమే అందింది. 1982లో ఆటోడెస్క్ కంపెనీ స్థాపించి, ఆ డిసెంబరులోనే ఆటోక్యాడ్ విడుదల చేశారు. బల్ల మీద పెట్టుకొనే చిన్న కంప్యూటరు మీద అది నడుస్తుంది. అప్పటినుంచి చిన్న ఆఫీసులకూ ఈ విద్య చేరింది.

క్యాడ్ చేసే పని ఏమిటంటారా? మొదటిది, ఇంటిని తెర మీద అసలు కొలతలోనే గీస్తాం. ముప్పై అడుగుల గోడ ముప్పై అడుగులే. కాగితం మీద అచ్చు వేసేటప్పుడు నూరో వంతుకో యాభయ్యో వంతుకో తగ్గిస్తాం. రెండవది, పొరలు. గోడలు ఒక పొర, కరెంటు తీగలు ఒక పొర, నీళ్ల పైపులు ఒక పొర. పల్చటి కాగితాలు ఒకదాని మీద ఒకటి పరచినట్టు. ఎలక్ట్రీషియనుకు కావలసిన పొరలు మాత్రమే తీసి ఇవ్వవచ్చు. మూడవది, దిద్దుబాటు. కిటికీ జరపాలంటే షీటంతా మళ్లీ గీయనక్కరలేదు.

ఇప్పుడు మునిసిపాలిటీ అనుమతులు కూడా ఈ దారికే వచ్చాయి. తెలంగాణలో 2020లో టీఎస్-బీపాస్ చట్టం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇంటి ప్లాను దరఖాస్తులు ఆన్‌లైనులోకి వచ్చాయి. రోడ్డు వైపు ఎంత వదిలారు, పక్కన ఎంత వదిలారు అన్నది ఫైలు చూసి లెక్కకట్టే పద్ధతి వచ్చింది. కనుక పట్టణంలోనే కాదు, చిన్న ఊళ్లో కూడా ఇది తెలిసినవారి అవసరం కలిగింది.

మెట్ల లెక్క

పిల్లలకు ఒక లెక్క చెబుతాం, తల్లిదండ్రులు కూడా వినండి. ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడుగు స్థలం. అంటే 1,200 చదరపు అడుగులు, 133 గజాల పైచిలుకు. మన బస్తీల్లో సర్వసాధారణం. అందులో పై అంతస్తుకు మెట్లు కావాలి. అంతస్తు ఎత్తు పది అడుగులు, అంటే 120 అంగుళాలు. ఒక్కొక్క మెట్టు ఎత్తు ఆరంగుళాలు పెడితే 20 ఎత్తులు. అడుగు పెట్టే పలకలు ఒకటి తక్కువ, 19. పలక వెడల్పు పది అంగుళాలైతే మొత్తం 190 అంగుళాలు. అంటే దాదాపు పదహారు అడుగులు తిన్నగా పోవాలి.

ఇంట్లో మెట్లకు మిగిలిన చోటు పన్నెండు అడుగులే అనుకోండి. కట్టడం మొదలయ్యాక ఈ సంగతి తెలిస్తే ఏం చేస్తారు? మెట్టు ఎత్తు ఎనిమిది తొమ్మిది అంగుళాలు చేస్తారు. ఆ మెట్లు ఎక్కలేక దాదీమా పై అంతస్తు చూడకుండానే కాలం గడుపుతారు. నక్షా తెలిసినవాడు ముందే ఏం చేస్తాడు? మధ్యలో మలుపు పెడతాడు. పది ఎత్తులు ఒక వైపు, పది ఎత్తులు మరొక వైపు. ఒక్కొక్క వైపు తొమ్మిది పలకలు, 90 అంగుళాలు, ఏడున్నర అడుగులు. మలుపు పలక మూడడుగులు. మొత్తం పదిన్నర అడుగులు. పన్నెండు అడుగుల్లో హాయిగా సరిపోయింది. వెడల్పు మాత్రం ఆరడుగుల పైన కావాలి, ఆ సంగతి గోడ కట్టకముందే తెలుస్తుంది.

ఈ లెక్కలో ఆరో తరగతి కూడికలు, భాగాహారాలు తప్ప ఏమీ లేదు. కంప్యూటరు గీతను తిన్నగా గీస్తుంది. మెట్టు ఎత్తు ఎంత ఉంటే ముసలి మోకాలికి సుఖమో గీసేవాడు తెలుసుకొని ఉండాలి. అందుకే రెండేళ్లు చదవాలంటున్నాం.

ఎక్కడ చదవాలి?

మొదటి దారి ఐటిఐ. దేశంలో ఈ శిక్షణ పథకం 1950లో మొదలైంది. ఇందులో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్, డ్రాఫ్ట్స్‌మన్ మెకానికల్ అని రెండు ట్రేడులు ఉన్నాయి. రెండూ రెండేళ్లవే. లెక్కలు, సైన్సు ఉన్న పదో తరగతి ప్యాసై ఉండాలి. మొదట చేత్తో గీయిస్తారు, తరువాత కంప్యూటరు మీదికి తెస్తారు. చివర ఇచ్చే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్టు దేశమంతటా చెల్లుతుంది. ఆ తరువాత 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద ఏదైనా సంస్థలో స్టైపెండు తీసుకొంటూ పని నేర్చుకోవచ్చు.

రెండవ దారి పాలిటెక్నిక్. పదో తరగతి తరువాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా. సివిల్ గాని మెకానికల్ గాని తీసుకొన్నవారికి డ్రాయింగూ, క్యాడూ అందులో భాగమే. డిప్లొమా తరువాత ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఐటిఐ చదివినవారికి డిప్లొమా రెండో సంవత్సరంలో చేరే అవకాశం కూడా ఉన్నది. అంటే ఐటిఐ గోడ కాదు, నిచ్చెన. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. "ఐటిఐకి పోతే అక్కడితో సరి" అనుకొని ఇంటరులో చేర్పించి, ఫెయిలయ్యాక అసలే మాన్పిస్తున్నారు.

ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్లలు దిగులు పడనక్కరలేదు. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వారి పాలిటెక్నిక్‌లు హైదరాబాదులోనూ, కడపలోనూ ఉన్నాయి. సామాజికంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు 2007 చట్టం ద్వారా నాలుగు శాతం రిజర్వేషను వచ్చింది. ఆ సర్టిఫికెట్టు కోసం కౌన్సెలింగు ముందురోజు మండలాఫీసు చుట్టూ తిరగడం మాని, పదో తరగతిలో ఉండగానే తీయించి పెట్టుకోండి. పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు అన్ని కాగితాల్లో ఒకే విధంగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకచోట షేక్ ముందూ, మరొకచోట వెనుకా ఉంటే తరువాత పడే తిప్పలు ఇక్కడున్న ప్రతివారికీ తెలుసు.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ

మన సభ్యుల పిల్లలు, తోబుట్టువులు కొందరు అమెరికాలో స్థిరపడ్డారు. అక్కడికి కుటుంబంతో వెళ్లినవారు ఒక ప్రశ్న అడుగుతూ ఉంటారు. "ఇక్కడి చదువు అక్కడ చెల్లడం లేదు, వయసు ముప్పై దాటింది, ఏం చేయాలి?" అని. వారికి కమ్యూనిటీ కాలేజీ మంచి దారి.

ఈ కాలేజీల వెనుక ఒక చక్కటి ఆలోచన ఉన్నది. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలో జోలియెట్ జూనియర్ కాలేజీ మొదలైంది. ఇప్పటికీ నడుస్తున్న ప్రభుత్వ రెండేళ్ల కాలేజీల్లో అది అన్నిటికంటె పాతది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం ఇటువంటి కాలేజీలు ఊరూరా ఉండాలని చెప్పింది. కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు అప్పటినుంచే బాగా వాడుకలోకి వచ్చింది. చాలా కాలేజీల్లో తలుపు అందరికీ తెరిచే ఉంటుంది. పగలు పనిచేసేవారికి సాయంత్రం తరగతులు ఉంటాయి. పద్దెనిమిదేళ్ల కుర్రవాడి పక్కన నలభై ఏళ్ల తల్లి కూర్చుని చదవడం అక్కడ వింత కాదు.

అటువంటి చాలా కాలేజీల్లో కంప్యూటరు మీద డిజైను, డ్రాఫ్టింగు నేర్పే శాఖ ఉంటుంది. కొద్ది తరగతులతో ముగిసే సర్టిఫికెట్టు ఒకటి, సుమారు అరవై క్రెడిట్లతో రెండేళ్ల అసోసియేటు డిగ్రీ ఒకటి. మొదటి సెమిస్టరులో డ్రాయింగు మూలసూత్రాలు, ఆటోక్యాడ్. తరువాత యంత్రాల వైపు పోయేవారికి సాలిడ్‌వర్క్స్ వంటివి, ఇళ్ల వైపు పోయేవారికి రెవిట్ వంటివి. ఆ ప్రాంతంలో స్థిరనివాసం ఉన్నవారికి ఫీజు తక్కువ. ఇక్కడినుంచి విద్యార్థి వీసా మీద వెళ్లేవారికి మాత్రం చాలా ఎక్కువ. కనుక ఇల్లు కుదువపెట్టి రెండేళ్ల డ్రాఫ్టింగు కోసం పిల్లవాణ్ణి అమెరికా పంపమని మేము ఎంతమాత్రం చెప్పడం లేదు. అక్కడే ఉన్నవారికి అది దారి, ఇక్కడ ఉన్నవారికి మన ఐటిఐ, మన పాలిటెక్నిక్ దారి.

ఆ పద్ధతిలో మనం నేర్చుకోదగినది ఒకటి ఉన్నది. చదువుకు వయసు దాటిపోయిందని అక్కడ ఎవరినీ గుమ్మంలోనుంచి తిప్పి పంపరు. మన దేశంలో 1995లో పుదుచ్చేరిలో, 1996లో మద్రాసులో ఈ నమూనా మీద కమ్యూనిటీ కాలేజీలు మొదలయ్యాయి. ఇంకా మన వీధిదాకా రావలసి ఉన్నది.

గల్ఫు మాట

1973లో చమురు ధరలు పెరిగిన తరువాత మన జిల్లాలనుంచి గల్ఫుకు దారి పడింది. ఆ సంపాదనతో ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి, ఎందరో చెల్లెళ్ల నికాహ్‌లు జరిగాయి. మేము దాన్ని తక్కువ చేయడం లేదు. ఒకే విమానంలో వెళ్లిన ఇద్దరి సంగతి ఆలోచించండి. ఒకడు ఎండలో ఇటుక మోస్తాడు. ఒకడు ఆ ఇటుక ఎక్కడ పెట్టాలో చూపే కాగితం గీస్తాడు. ఇద్దరూ కష్టజీవులే, ఇద్దరిదీ హలాల్ సంపాదనే. యాభై ఏళ్లు వచ్చాక మాత్రం మోసినవాడి నడుము పోతుంది, గీసినవాడి అనుభవం పెరుగుతుంది. పదో తరగతి ప్యాసైనవారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషను క్లియరెన్సు అవసరం ఉండదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. ఏజెంటు చేతిలో పడకుండా అదొక చిన్న రక్షణ.

ఆడపిల్లల విషయం

ఈ పనికి కండబలం అక్కరలేదు. ఓపిక, శుభ్రత, లెక్క కావాలి. మన ఇళ్లల్లో జర్దోజీ, మగ్గం పని చేసే ఆడపిల్లల చేతుల్లో ఈ మూడూ ఉన్నాయి. జాకెట్టు కొలత తీసుకొని బట్ట మీద చాక్‌పీసుతో గీసే తల్లి చేసే పని నక్షా కాక మరేమిటి?

1950లో బాగ్దాదులో పుట్టిన జహా హదీద్ అనే ఆమె బీరూట్‌లో గణితం చదివి, తరువాత ఆర్కిటెక్టు అయ్యారు. 2004లో ఆ రంగంలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకొన్న మొదటి స్త్రీ ఆమె. మన పిల్లలందరూ అంతవారు కావాలని కాదు. ఒక ఆఫీసులోనో, ఇంట్లో బల్ల మీదనో కూర్చుని నెలకు కొన్ని ప్లాన్లు గీసి, తన ఖర్చులకు తాను ఒకరి చేయి చూడకుండా ఉంటే అది చాలదా? ఇంట్లో కష్టం వచ్చిననాడు ఆ విద్య బంగారంకంటె ఎక్కువగా ఆదుకొంటుంది. బంగారం ఒకసారి అమ్మితే అయిపోతుంది.

జాగ్రత్తలు

మూడు నెలల్లో క్యాడ్ నేర్పి ఉద్యోగం గ్యారంటీ అని బోర్డులు కట్టేవారు ఉన్నారు. వాటిలో నిజాయితీగా నేర్పేవారూ ఉన్నారు, కాదనం. మా దృష్టికి వచ్చిన ఒక కుటుంబం గొలుసు తాకట్టు పెట్టి ఒక చోట ఫీజు కట్టింది. పిల్లవాడికి ఆజ్ఞలు వచ్చాయి. గీత గీయమంటే గీస్తాడు, గోడ మందం ఎంత ఉండాలంటే చెప్పలేడు. ఉద్యోగం రాలేదు, డబ్బు తిరిగి రాలేదు. కనుక ఎక్కడైనా డబ్బు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. సర్టిఫికెట్టు ఎవరు ఇస్తారు? చేత్తో గీయడం నేర్పుతారా? పిల్లవాడికి విడిగా ఒక కంప్యూటరు ఉంటుందా? పోయిన ఏడు చదివిన ఇద్దరి ఫోను నంబర్లు ఇస్తారా? చివరి ప్రశ్నకు వచ్చే జవాబులో మిగతా మూడింటి జవాబులూ తెలిసిపోతాయి.

ఇంట్లో అభ్యాసానికి దొంగ సాఫ్ట్‌వేరు అక్కరలేదు. లిబ్రెక్యాడ్, ఫ్రీక్యాడ్ అనేవి ఉచితంగా దొరుకుతాయి. విద్యార్థులకు ఆటోడెస్క్ వారు కూడా చదువు కోసం ఉచితంగా ఇస్తున్నారు. దొంగ సరుకు మీద నేర్చుకొన్న విద్యలో బర్కత్ ఎక్కడిది?

ఇంకొక మాట. "ఇప్పుడు కంప్యూటరే అంతా గీసేస్తున్నదట కదా, ఈ చదువు నిలుస్తుందా?" అని ఒక సోదరుడు అడిగారు. సరైన ప్రశ్న. ఇచ్చిన గీతను మళ్లీ గీయడం మాత్రమే వచ్చినవారి పని తగ్గిపోతున్నది, అబద్ధం చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టం. ఇప్పుడు భవనాన్ని గీతలుగా కాక, గోడ, దూలం, తలుపు అన్న వస్తువులుగా మూడు కొలతల్లో తయారుచేస్తున్నారు. దానికి కృత్రిమ మేధ తోడైంది. స్థలం మీదికి వెళ్లి కొలిచి, మేస్త్రీతో మాట్లాడి, సామాను ఎంత పడుతుందో లెక్కకట్టి, కంప్యూటరు ఇచ్చినదాంట్లో తప్పు పట్టగలిగినవారి అవసరం మాత్రం పోదు. అందుకే క్యాడ్ ఒక్కటే కాదు, దానితోపాటు సర్వే, ఎస్టిమేటు, కొంచెం ఇంగ్లీషు నేర్చుకోవాలి. నేర్చుకోవడం ఆపినవాడికి ఏ పనీ నిలవదు.

సంఘం ముందు మా ప్రతిపాదన

మన సంఘం చందాలు, సదఖా, జకాత్ రూపంలో వచ్చిన డబ్బును ఏటా చిన్న చిన్న మొత్తాలుగా చాలామందికి పంచుతున్నది. పండుగనాడు ఆ డబ్బు ఇంట్లో పొయ్యి వెలిగిస్తుంది. దాన్ని ఆపమని మేము అనడం లేదు. వితంతువుకు, రోగికి ఇచ్చేది ఇచ్చి తీరాలి. దానితోపాటు ఈ ఏడు ఆరుగురు పిల్లలను, అందులో ముగ్గురు ఆడపిల్లలను ఎంచుకొని, రెండేళ్లపాటు ఐటిఐ లేదా పాలిటెక్నిక్ ఖర్చు భరించాలని మా ప్రతిపాదన. ఫీజు, బస్సు పాసు, డ్రాయింగు సామాను, పరీక్ష ఫీజు.

జకాత్ డబ్బు దీనికి వాడవచ్చునా అని కొందరు పెద్దలు సందేహించారు. జకాత్ పొందదగినవారు ఎనిమిది వర్గాలని మనకు తెలుసు. హనఫీ పద్ధతిలో ఆ డబ్బును అర్హుడైన పేదవాని స్వాధీనం చేయాలి. కనుక జకాత్‌తో సంఘానికి కంప్యూటర్లు కొనడం కుదరదు, అర్హుడైన పేద విద్యార్థి చేతికి ఇస్తే అతడు ఫీజు కట్టుకోవచ్చు. కంప్యూటర్లు, బల్లలు కావాలంటే చందా డబ్బుతోనే. రెండు ఖాతాలూ విడివిడిగా ఉండాలి. తుది నిర్ణయానికి ముందు మన మస్జిద్ ఇమాం గారిని, ఉలమాను అడిగి వారి మాట ప్రకారం నడుచుకొందాం.

"రెండేళ్లు ఆరుగురికి పెట్టే డబ్బుతో అరవైమందికి బియ్యం వస్తాయి గదా" అని అడిగే హక్కు ప్రతి సభ్యునికీ ఉన్నది. బియ్యం అవసరం నిజం. ఆరుగురిలో నలుగురు నిలదొక్కుకొన్నా, ఆ నాలుగు ఇళ్లు మరుసటి ఏడు మన గుమ్మం దగ్గర చేయి చాచే వరుసలో ఉండవు, ఇచ్చేవారి వరుసలోకి వస్తాయి. అప్పుడు ఆ బియ్యం ఇంకా ఎక్కువమందికి అందుతాయి. ఇదే మా జవాబు.

డబ్బు ఇవ్వలేనివారు కాలం ఇవ్వండి. మనలో రిటైరైన ఓవర్సీయర్లు, సర్వేయర్లు, పాలిటెక్నిక్ మాష్టర్లు ఉన్నారు. వారానికి ఒక పూట, ఆదివారం అసర్ నమాజు తరువాత గంటసేపు పిల్లలకు స్కేలు పట్టుకోవడం నేర్పండి. ఇల్లు కట్టే మేస్త్రీ భాయిలు పిల్లలను పని దగ్గరికి తీసుకుపోయి పునాది, దూలం చూపించండి. కాగితం మీద చూసింది కళ్లతో చూస్తే మరిచిపోరు. తల్లులు ఒక్క సహాయం చేయండి. పిల్ల గీస్తూ కూర్చున్న గంటసేపు ఆమెను వంటింట్లోకి పిలవకండి.

పిల్లలారా, మీతో చివరి మాట. పెన్సిలు చెక్కుకోండి, స్కేలు తీసుకోండి. మీ ఇంటినే కొలవండి. గది పొడుగు, వెడల్పు, తలుపు, కిటికీ, మెట్టు ఎత్తు. తెల్ల కాగితం మీద అంగుళానికి నాలుగడుగుల చొప్పున గీసి, పై ఆదివారం మా ఉపసంఘానికి తెచ్చి చూపించండి. వంకర గీత అయినా ఫరవాలేదు, కొలత మాత్రం నిజం కావాలి. ఆ కాగితాలు చూసిన తరువాతనే ఆరుగురి ఎంపిక గురించి ఆలోచిస్తాం. మార్కులొక్కటే చూడం.

మా ప్రతిపాదనను సభ్యులు చర్చించి, మంచిదనిపిస్తే ఆమోదించాలనీ, లోపాలుంటే దిద్దాలనీ కోరుతున్నాము.  అల్లాహ్ మన పిల్లల చేతులకు విద్యను, మన పనులకు బర్కత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.